పేర్లు పడేవేళ

తొందర విషయంలో మన పెద్దవాళ్లు మనకి ఏ ఒక్క దారీ చూపించి పోలేదు. ‘నిదానమే ప్రధానం’ అన్నదీ వాళ్లే, ‘ఆలస్యం అమృతం విషం’ అన్నదీ వాళ్లే. సంబంధం వెతికేటప్పుడు మొదటిదీ, సంబంధం కుదిరాక రెండోదీ వాడుకుంటూ ఇన్నాళ్లూ నెట్టుకొచ్చాం. గారెలకి పప్పు నాననివ్వకుండా తొందరపడితే పళ్లకి పని, పాలు పొంగేచోట నిదానిస్తే పొయ్యికి నైవేద్యం. ఏది ఎక్కడ పనికొస్తుందో ఆడవాళ్లకి ఒకరు చెప్పనక్కర్లేదు.

మరి సినిమా తీయడం ఈ రెండింట్లో ఏ లెక్కలోకి వస్తుంది? మూడేళ్లు తీశాం, అయిదేళ్లు తీశాం అని గొప్పగా చెప్పుకునే సినిమాలు మనకి తెలుసు. కథ అల్లుకోవడం దగ్గర్నుంచి పేర్లు వేయడం దాకా రెండంటే రెండు రోజుల్లో పూర్తిచేసి చేతిలో పెట్టే సినిమాలు కూడా వున్నాయంటే, ‘అది సినిమానా, ఉప్మానా?’ అంటారేమో. ఉప్మా అనే అనుకోండి. ఉప్మాకి కూడా చరిత్ర వుంటుంది. ఆ చరిత్ర మా జగ్గయ్యపేట, నందిగామల మీదుగా ఎటు పోయి ఎటు వచ్చిందో చెబుదామనే ఈ నాలుగు ముక్కలూ.

2001లో అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో కొందరికి ఒక చిలిపి ఆలోచన వచ్చింది. 48 గంటల్లో చిన్న సినిమా తీయగలమా? తీసినా అది చూడబుల్‌గా వుంటుందా? ఆ సరదాయే తర్వాత పోటీ అయింది, దేశదేశాల నగరాలకి పాకింది, మన హైదరాబాదుకీ వచ్చింది. దాని పద్ధతి తమాషాగా వుంటుంది. శుక్రవారం సాయంత్రం జట్లన్నీ ఒకచోట చేరతాయి. హాస్యమో, భయమో, ప్రేమో, ఎవరు ఏ రకం కథ తీయాలో చీటీ తీసి తేలుస్తారు. ఆ పైన అన్ని జట్లకీ కలిపి ఒకే పాత్రా, ఒకే వస్తువూ, ఒకే మాటా ఇస్తారు. ఆ మూడూ సినిమాలో ఎక్కడో ఒకచోట కనపడాలి, వినపడాలి. ముందే ఇంట్లో తీసి దాచుకున్నది తెచ్చి ఇవ్వకుండా అదొక కట్టుబాటు. ఆదివారం రాత్రి ఏడున్నరకల్లా సినిమా అప్పగించాలి. నాలుగు నిమిషాలకి తగ్గకూడదు, ఏడు నిమిషాలకి మించకూడదు. ఆలస్యమైతే బహుమతి మీద ఆశ వదులుకోవాల్సిందే. పనిచేసినవాళ్లకి జీతాలూ బత్తాలూ వుండవు. అంచేత స్నేహితులే దిక్కు.

అలా తీసిన తెలుగు సినిమా ఒకటి ‘అనుకోకుండా’. తరుణ్ భాస్కర్ తీశారు, రీతూ వర్మ నటించారు. పోటీలో అది నెగ్గింది, ఆ అమ్మాయికి ఉత్తమ నటి బహుమతి వచ్చింది. 2013లో ఫ్రాన్సులో కాన్ చిత్రోత్సవం జరిగేచోట, చిన్న సినిమాల కోసం పెట్టిన షార్ట్ ఫిల్మ్ కార్నర్ దాకా వెళ్లొచ్చింది. ఆ ఇద్దరూ కలిసి చేసిన పెద్ద సినిమా ‘పెళ్ళిచూపులు’ 2016లో వచ్చిందని మీకు నేను చెప్పక్కర్లేదు. ఉత్తమ తెలుగు చిత్రంగా దానికి జాతీయ బహుమతి కూడా అందింది. అదే తరుణ్ భాస్కర్ 2018లో ‘ఈ నగరానికి ఏమైంది’ తీశారు. నలుగురు స్నేహితులు అనుకోని విధంగా గోవా చేరి, గడువులోగా ఒక చిన్న సినిమా తీయడానికి పడే అవస్థ అందులో కథ. తను పడ్డ హైరానా ఎంత ఇష్టంగా గుర్తుంటే మనిషి దానిమీద మళ్లీ సినిమా తీస్తాడో చూడండి. మనం మాత్రం? పెళ్లిపనులప్పుడు పడ్డ హైరానానే గదా పదేళ్లపాటు కథలుగా చెప్పుకుంటాం!

ఇదంతా ఈకాలం పిల్లల దూకుడు అనుకుంటే పొరపాటు. మన తెలుగు సినిమాకి మాట వచ్చిందే ఇలాంటి హడావుడిలో.

1931 మార్చి 14న బొంబాయిలో ‘ఆలం ఆరా’ విడుదలైంది. దేశంలో తొలి టాకీ అదే. తీసింది ఇంపీరియల్ కంపెనీ అధిపతి అర్దెషిర్ ఇరానీ. బొమ్మ మాట్లాడుతుంటే జనం వెర్రెత్తిపోయారు. మరి మిగతా భాషలవాళ్లు ఊరుకుంటారా? ఎవరి భాషలో వాళ్లకి మాట్లాడే బొమ్మ కావాలి, అదీ వెంటనే కావాలి. ఆ కంపెనీలోనే పనిచేస్తున్న మన హెచ్.ఎం. రెడ్డిగారు తెలుగులో ‘భక్త ప్రహ్లాద’ తీశారు. ఎన్నాళ్లలో అనుకున్నారు? పద్ధెనిమిది, ఇరవై రోజుల్లో. ఖర్చు కూడా ఇంచుమించు అన్ని వేలే అంటారు. తెరమీద మాత్రం గంటన్నర దాటి నడిచిన సినిమా అది.

అప్పట్లో పాట ఒకసారి, బొమ్మ ఒకసారి తీసి అతికించే వసతి లేదు. కెమెరా తిరుగుతుండగానే నటులు మాట్లాడాలి, పాడాలి. వాద్యాలవాళ్లు కెమెరాకి కనపడకుండా పక్కనుంచి వాయించాలి. మైకు ఏ సామాను చాటునో దాక్కోవాలి. ఎవరైనా తప్పు పాడితే మొత్తం మళ్లీ మొదటికి. స్టూడియో పక్కనే రైలుపట్టాలుండటం వల్ల ‘ఆలం ఆరా’ని చాలావరకు రైళ్ల రొద లేని అర్ధరాత్రివేళ తీశారట.

ఇన్ని ఇబ్బందుల మధ్య ఇరవై రోజుల్లో సినిమా ఎలా పూర్తయింది? ఈ రహస్యం మనలాంటివాళ్లకి తేలిగ్గానే అర్థమవుతుంది. పండగనాడు పదిమందికి గంటలో వంట చేసిన ఇల్లాలిని చూసి ‘ఎంత చురుకో’ అంటారు. ముందురోజు రాత్రి ఆవిడ తరిగి పెట్టుకున్న కూరలు ఎవరికీ కనపడవు. ‘భక్త ప్రహ్లాద’కి ఆ తరిగి పెట్టుకున్న కూరలు సురభివాళ్లు. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో వనారస గోవిందరావుగారు మొదలుపెట్టిన నాటక కుటుంబం అది. అత్తలు, కోడళ్లు, బావలు, మనవలు అందరూ నటులే. ఆడవేషాలు మగవాళ్లు కట్టే రోజుల్లో వాళ్లింటి ఆడవాళ్లే ఆడవేషాలు వేశారు. ధర్మవరం రామకృష్ణాచార్యులవారి ప్రహ్లాద నాటకం వాళ్లకి కంఠతా వచ్చు. ఆ బృందాన్ని బొంబాయికి పిలిపించి కెమెరా ముందు నిలబెట్టారు. ఇరవై రోజుల షూటింగు వెనక నలభై అయిదేళ్ల రిహార్సలు వుందన్నమాట!

లీలావతిగా సురభి కమలాబాయి వేశారు. హిరణ్యకశిపుడు మునిపల్లె సుబ్బయ్యగారు. ప్రహ్లాదుడుగా సింధూరి కృష్ణారావు అనే కుర్రవాడు. ఎల్.వి. ప్రసాద్‌గారు అందులో చదువు వంటబట్టని మొద్దు శిష్యుడి వేషం వేశారు. తర్వాతి కాలంలో ఎంతమందికి పాఠాలు చెప్పిన దర్శకుడాయన! పాటలు రాసినది చందాల కేశవదాసుగారు. ఆయనది ఖమ్మం జిల్లా జక్కేపల్లి. మా జగ్గయ్యపేట దాటితే ఖమ్మం జిల్లా పొలిమేర ఎంతో దూరం లేదు. హరికథలు చెప్పుకునే పల్లెటూరి కవి మాట అలా బొంబాయి చేరి, తెలుగు తెరమీద తొలిపాట అయింది.

తొందర సినిమాలకి కావలసిన సరంజామా ఏమిటో ఈపాటికి మీకు తెలిసే వుంటుంది. ఒకరి మాట ఒకరికి అర్థమయ్యే నలుగురు మనుషులు, అప్పటికే చేతిలో వున్న కాస్త విద్య, అడగ్గానే కాదనకుండా ఇచ్చే ఇళ్లు. 1931లో అదే, ఇప్పుడూ అదే. ఇప్పటి సంగతి నాకెలా తెలుసంటే, మా ఇంట్లోనే ఒక సినిమా తీశారు కాబట్టి.

మా పుట్టిల్లు నందిగామ. మా అక్కయ్యని జగ్గయ్యపేట ఇచ్చారు. రెండూ హైదరాబాదు, విజయవాడల మధ్య పెద్ద రోడ్డు దారిలోవే. 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా అంటున్నారు గానీ, మా నోట ఇప్పటికీ కృష్ణాజిల్లా మెట్టప్రాంతమే. అక్కయ్య కొడుకు ఇంజనీరింగు చదువుతున్నాడు. వాళ్ల కాలేజీ వేడుకల్లో ఇలాంటి పోటీయే పెట్టారు. శుక్రవారం సాయంత్రం ఆరింటికి మొదలు, ఆదివారం సాయంత్రం ఆరింటికి ఆఖరు. వీళ్ల జట్టుకి వచ్చిన వస్తువు తాళంచెవి. వాడూ, వాడి స్నేహితులూ కలిసి ఆరుగురు. అందులో ఇద్దరు ఆడపిల్లలు. నవలలు రాసే పిన్ని ఇంట్లో వుండగా కథకి కరువేమిటని నన్ను కూర్చోబెట్టారు.

ఒక పేజీ రాసిచ్చాను. ఒకావిడ ముప్ఫై ఏళ్లలో మొదటిసారి ఇంటికి తాళం వేసి, ఒక్కతే బస్సెక్కి చెల్లెలి ఊరు వెళ్తుంది. దారిలో కనపడ్డ ప్రతివాళ్లూ ‘తాళంచెవి ఎవరికిచ్చావు?’ అని అడుగుతారు. ‘ఎక్కడికి వెళ్తున్నావు?’ అని ఒక్కరూ అడగరు. అంతే కథ. ‘హీరోయిన్ ఎవర్రా?’ అంటే, ‘మా అమ్మే’ అన్నాడు. అక్కయ్యకి యాభై ఎనిమిది. ‘నేనా, నా మొహమా’ అంటూనే వెళ్లి మంచి చీర కట్టుకొచ్చింది.

శనివారం పొద్దున ఏడింటికి మొదలైంది. మాటలు ఫోనులోనే రికార్డు చెయ్యాలిట, ఫ్యాన్లు ఆపించారు. కుక్కరు కూత పెడితే షాటు పోయింది. పక్కింటి పిన్నిగారు కుక్కరు కట్టేసి, ఆ పూట అన్నం గిన్నెలో వార్చారు. వంటింట్లో వెలుతురు చాలకపోతే మా బావగారు తెల్లదుప్పటి పట్టుకుని కిటికీ దగ్గర గంటసేపు నిలబడ్డారు. ఇంట్లో పనిచేసే ఆవిడ ‘నేను కూడా అడుగుతానమ్మా తాళంచెవి ఎవరికిచ్చావని’ అని ఎదురొచ్చింది. ఆరుగురిలో ఎవరికీ రానంత సహజంగా అడిగిందావిడ. మధ్యాహ్నం అందరూ కలిసి నందిగామ బస్టాండుకి వెళ్లారు. బస్సు దిగే జనం కెమెరావంక చూడకుండా వుండటానికి ఒక కుర్రాడు వేరేవైపు నిలబడి గట్టిగా ఫోను మాట్లాడుతూ నటించాడు. జనం వాడినే చూశారు.

ఆదివారం పొద్దున అసలు గండం వచ్చింది. అక్కయ్య అదే చీర కట్టుకుని, అదే జడ వేసుకుని నిలబడింది. అంతా సిద్ధం. గుమ్మంలో నిలబడి చూస్తున్న ఎదురింటి కోడలు, ‘అత్తయ్యగారూ, నిన్న మీరు చిన్న బొట్టు పెట్టుకున్నారు, ఇది పెద్దది’ అంది. ఆరుగురూ ఫోనులో నిన్నటి బొమ్మ చూసుకున్నారు. నిజమే! ఆ చూపుకి పెద్ద సినిమాల్లో ప్రత్యేకంగా ఒక మనిషిని పెట్టుకుంటారు. కంటిన్యుటీ చూడటమని దానికి పేరు, ఉద్యోగం, జీతం వుంటాయి. ఈ అమ్మాయి పిల్లవాడిని చంకనేసుకుని గుమ్మంలోంచి ఆ పని చేసేసింది.

సాయంత్రం అయిదున్నరకి ఎడిటింగు అయింది. పేర్లు వేశారు. కథ, మాటలు, కెమెరా, కూర్పు, దర్శకత్వం అంటూ ఆరుగురి పేర్లూ, నా పేరూ వచ్చాయి. చివర ఒక్క వరుస: ‘కుటుంబసభ్యులకు, మిత్రులకు కృతజ్ఞతలు’. హీరోయిన్ పేరు కూడా ఆ కృతజ్ఞతల్లోనే కలిసిపోయింది! ‘ఒరే, మీ అమ్మ పేరేదిరా?’ అన్నాను. ‘టైం లేదు పిన్నీ, ఇంకా పంపాలి’ అన్నాడు. గడువుకి పదకొండు నిమిషాల ముందు పంపారు. బహుమతి రాలేదు గానీ, చూసినవాళ్లంతా నవ్వారట, ఒకరిద్దరు కళ్లు తుడుచుకున్నారట. అక్కయ్య ఏమీ అనుకోలేదు. ‘నా పేరెందుకే, నన్ను గుర్తుపడతారుగా’ అంది. గుర్తుపట్టేది ఎవరు? ఈ వీధివాళ్లు. అదీ ఈ తరంవాళ్లు.

తర్వాత ఆ జట్టులోని అమ్మాయి ఒకతి ఓపిగ్గా కూర్చుని, పధ్నాలుగు పేర్లతో కొత్త ప్రతి తయారుచేసింది. దుప్పటి పట్టుకున్న బావగారితో సహా. కానీ నాలుగు నెలలకి మావాడి ఫోను నీళ్లలో పడింది. అసలు బొమ్మ, పేర్లున్న ప్రతి, అన్నీ అందులోనే వున్నాయి. చేతులు మారి మారి నలిగిపోయిన నకలు ఒకటి మాత్రం మిగిలింది. అందులో అక్కయ్య మొహం మంచుపట్టిన అద్దంలోంచి చూసినట్టుంటుంది. ఎదురింటి కోడలు సరిచేసిన బొట్టు అసలు కనపడనే కనపడదు. పేర్లూ లేవు.

చిన్నపిల్లల ఆట, పోతే పోయిందనుకుందామంటే నాకు మనసొప్పలేదు. ఎందుకంటే పెద్దవాళ్ల ఆటకీ ఇదే జరిగింది. ‘భక్త ప్రహ్లాద’ ప్రతి ఈనాడు ఒక్కటీ లేదు. కమలాబాయి లీలావతిగా ఎలా పాడిందో వినే అదృష్టం మనకి లేదు. ‘ఆలం ఆరా’ కూడా పోయింది. బందరులో పుట్టి మద్రాసులో ఫోటో స్టూడియో నడిపిన రఘుపతి వెంకయ్యనాయుడుగారు, ఆయన కొడుకు ప్రకాష్ కలిసి 1921 ప్రాంతంలో తీసిన మూకీ ‘భీష్మ ప్రతిజ్ఞ’ కూడా లేదు. వెంకయ్యగారి పేరున ప్రభుత్వం బహుమతి ఏర్పాటుచేసింది గానీ, బహుమతికి కారణమైన బొమ్మ మాత్రం లేదు. దేశం మొత్తంమీద తీసిన మూకీలు వెయ్యికి పైమాటే. దక్కినవి కొన్ని పదులు, అవీ చాలావరకు ముక్కలే. అప్పటి ఫిల్ము చటుక్కున అంటుకునే సరుకు. అంటుకోగా మిగిలినవాటిని అందులో వుండే కాస్త వెండి కోసం కరిగించారు. సినిమాలు భద్రపరిచేందుకు పూనాలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ 1964లో పెట్టేనాటికే చాలావరకు పోయింది.

బొమ్మ పోతే పోయింది, పుట్టినరోజైనా సరిగ్గా తెలుసా అంటే, అదీ లేదు. ‘భక్త ప్రహ్లాద’ 1931 సెప్టెంబరు 15న విడుదలైందని ఏళ్లతరబడి అందరూ రాశారు, ఆ రోజునే పండగ చేసుకున్నారు. రెంటాల జయదేవగారు పాత పత్రికలు, కాగితాలు తవ్వి పరిశోధించి, దానికి సెన్సారు అయిందే 1932 జనవరి 22న అనీ, బొంబాయి కృష్ణా సినిమాలో విడుదలైంది ఫిబ్రవరి 6న అనీ చూపించారు. నిండా నూరేళ్లు నిండని సినిమా పుట్టినరోజుకి ఇంత వెతుకులాట!

ఇక్కడ మిమ్మల్ని మళ్లీ జగ్గయ్యపేట తీసుకెళ్లాలి. ఈసారి అక్కయ్య వాళ్లింటికి కాదు, ఊరి శివార్లలో ధనబోడు అనే గుట్ట దగ్గరికి. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు తన తండ్రి జగ్గయ్య పేరు పెట్టి ఈ పేట కట్టించడానికి ఎన్నో వందల ఏళ్ల ముందే ఇక్కడ బౌద్ధస్తూపం వుంది. 1882లో బర్జెస్ దొర తవ్వించి బయటపెట్టాడు. అక్కడ దొరికిన చక్రవర్తి శిల్పం మద్రాసు మ్యూజియంలో వుంది. మధ్యలో చెయ్యెత్తి నిలబడ్డ మాంధాత చక్రవర్తి, పైన మబ్బుల్లోంచి కురుస్తున్న నాణేలు, చుట్టూ రాణి, మంత్రి, ఏనుగు, గుర్రం, చక్రం. ఒక్క పలకమీద ఒక కథంతా! మన చిన్న సినిమాలవాళ్లకి ఇంతకంటే మంచి పూర్వీకులు దొరకరు.

నాకు దానికంటే ముచ్చటైనది మరొకటుంది. స్తూపం తూర్పు ద్వారం దగ్గర అయిదు ఆయక స్తంభాలు నిలబెట్టారు. బుద్ధుడి పుట్టుక, ఇల్లు వదలడం, జ్ఞానోదయం, మొదటి ఉపదేశం, నిర్యాణం, ఈ అయిదు ఘట్టాలకీ అవి గుర్తులని చెబుతారు. వాటిని ఇచ్చినవాడు రాజు కాదు. సిద్ధార్థుడు అనే శిల్పి, శిల్పి కొడుకు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి కాలం, అంటే సుమారు పదిహేడు వందల ఏళ్ల కిందట. ప్రాకృత భాషలో, తోకలు సాగదీసి అందంగా చెక్కిన బ్రాహ్మీ అక్షరాల్లో ఆయన శాసనం వేయించాడు. అందులో తేదీ ఎలా వుందో తెలుసా? రాజుగారి 20వ ఏడు, వర్షాకాలం 8వ పక్షం, 10వ రోజు. రోజుతో సహా!

తర్వాత పేర్లు. తండ్రి నాకచందుడు. తల్లి నాగిలని. భార్య సముదని. కొడుకు పేరు, కూతురి పేరు, తమ్ముడి పేరు. తమ్ముడి భార్య కనిక. వాళ్ల పిల్లల పేర్లు, అందులోనూ ఆడపిల్లతో సహా. ‘కుటుంబసభ్యులకు కృతజ్ఞతలు’ అని ఒక్కమాటతో సరిపెట్టేయొచ్చు గదా! రాతిమీద ఒక్కో అక్షరం ఉలితో చెక్కడమంటే మాటలా? టైం లేదనడానికి ఆయనకున్నంత కారణం మావాడికి లేదు. అయినా తోడికోడళ్లిద్దరి పేర్లూ విడివిడిగా చెక్కించాడు. పైగా ఆ సంగతినే మూడు స్తంభాలమీద మూడుసార్లు వేయించాడు. ఒకటి పోయినా ఇంకొకటి వుంటుందని అనుకున్నాడో లేదో గానీ, జరిగింది మాత్రం అదే. పదిహేడు వందల ఏళ్ల తర్వాత మనం చదువుకోగలిగాం.

ఆ శాసనం సంగతి మావాడికి చెప్పాను. ‘మూడు కాపీలా!’ అన్నాడు. పేర్లకంటే ముందు వాడికి అదే తగిలింది. ఫోను పోగొట్టుకున్నవాడు గదా.

నేను తొందరకి వ్యతిరేకిని కాను. గడువు లేకపోతే మావాళ్లు ఆ సినిమా ఎప్పటికీ తీసేవాళ్లు కాదు, అక్కయ్య కెమెరా ముందుకి వచ్చేదే కాదు. గడువు వుంటేనే ఇంట్లో బావగారు దుప్పటి పట్టుకుంటారు, మామూలురోజున పట్టుకుంటారా? ‘భక్త ప్రహ్లాద’ ఇరవై రోజుల్లో తీసినందువల్ల పోలేదు, తీరిగ్గా తీసినవి కూడా అలాగే పోయాయి. తీసేవరకూ వున్న ఆత్రం తీశాక లేకపోవడం వల్ల పోయాయి. పెళ్లయ్యాక పందిరి విప్పినంత సులువుగా అందరూ చేతులు దులుపుకుని వెళ్లిపోతారు. మిగిలిన సామాను సర్దేది ఎవరో మీకు తెలుసు.

అంచేత ఆ సర్దే అలవాటునే ఇక్కడా వాడమంటాను. మీ ఇంట్లో పిల్లలు సినిమా తీస్తామని ఫ్యాన్లు ఆపమంటే ఆపండి. కుక్కరు కట్టెయ్యమంటే కట్టెయ్యండి. సాయంత్రం వాళ్లు పేర్లు వేసుకునే వేళకి మాత్రం వెనకాల వెళ్లి నిలబడండి. చీర ఇచ్చిన అమ్మాయి పేరు, బొట్టు చూసిన అమ్మాయి పేరు, ఉప్మా చేసిపెట్టిన ఆవిడ పేరు, ఇంటిపేర్లతో సహా చెప్పి రాయించండి. తేదీ వేయించండి, ఊరి పేరు వేయించండి. ఆ తర్వాత ఒక ప్రతి ఇంట్లో కంప్యూటర్లో, ఇంకొకటి వేరే ఊళ్లో వున్న చుట్టాలింట్లో, మూడోది ఎక్కడైనా సరే, దాయించండి. మొత్తం పావుగంట పని.

‘నా పేరెందుకులే’ అని మీరూ అంటారని నాకు తెలుసు. మా అక్కయ్యా అంది. ధనబోడు దగ్గర స్తంభాలు నిలబెట్టిన రోజున సముదని కూడా అనే వుంటుంది. సిద్ధార్థుడు వినిపించుకోలేదు, చెక్కించాడు.